పీతపిల్ల

ఆయ్, నిజవేనండి,
ముప్పయ్యేళ్ల నించీ పీతలమ్ముతున్నాను.
తడిగోనె కప్పిన తట్టతో
బలుసుతిప్ప రేవులో పడవెక్కి
యానాం బజార్లో దిగుతాను.
కాళ్లు కట్టేసిన మండపీత బరువెంతో
చేత్తో చెప్తాను, కాటా దండగ.
డొక్క నొక్కి
గుల్లదో గట్టిదో చెప్తాను.
కానండి,
పీతపిల్ల ఎలాగుంటాదో
మొన్నటిదాకా నాకు తెలీదు.

మడచెట్ల కింద బురదలో
ఒక్క ఎర్రచెయ్యి ఊపి పిలుస్తాయి చూడండి, గోటంతవి,
అవే అనుకున్నాను పిల్లలని.
కాదంట. అవీ పెద్దవేనంట,
పిల్లాజెల్లా ఉన్నవేనంట.

మా హైస్కూలు సైన్సు టీచరు హైమావతిగారు
పెద్దాపురం అవతల మెట్టూరు మనిషి.
మొదటిరోజే మడలో మోకాలిదాకా దిగబడి
ఒక చెప్పు మా బురదకిచ్చేసింది.
ఇంకా తిరిగి రాలేదది.
మర్నాడు ఒట్టికాళ్లతో వచ్చింది.
ఆ నెల్లోనే బడి టైంటేబులు
గంట ప్రకారం కాకుండా
పోటు ప్రకారం రాసేరు.

మా చిన్నది మసేనమ్మ ఎనిమిది చదువుతోంది.
కొత్త చున్నీ కత్తిరించి వల కుట్టింది.
కొన్న రేటు గుర్తొచ్చి రెండు దెబ్బలేసేను కూడా.
మూతికి సైకిలు రింగు, కొసకి మందుసీసా.
"ఇందులో ఏం పడుద్దే,
ఉప్పుకల్లు దూరే కన్నం లేదు" అని
రేవంతా వినేలా నవ్వేను.

ఓలేటి రాఘవులు డీజిలెవడిస్తాడని గొణుగుతూనే
నావ తీసేడు.
మొగ దగ్గర, పోటెక్కే వేళ
పావుగంట లాగేరు.
సీసాలో చారెడు కలకనీళ్లు.
అలాంటివి రోజుకెన్నిసార్లు
తట్ట కడిగి పారబోస్తాను!

వేలంపాట షెడ్డులో బల్ల మీద
ఆ గాజుకళ్ల మిషను పెట్టి
కింద అద్దానికి ఎండ పట్టేరు.
వంగేను.
ముందు నా కనురెప్పే కనపడింది, మడకొమ్మంత.
"కదలకే అమ్మా" అని చిన్నది
నా తల రెండుచేతులా పట్టుకుని సర్దింది,
నేను దానికి పేలు చూసేటప్పటిలాగ.

అప్పుడు కదిలిందండి.
నెత్తిన కొమ్ము.
తలకాయంతా కళ్లే.
తోకండి! పీతకి తోకేంటండి!
ఒళ్లు అద్దం. లోపల గుండె
టకటకా కొట్టుకోడం కనపడతాంది.

"పీతపిల్ల, పిన్నీ" అంది టీచరు.
ఏ పీతదండీ అన్నాను.
"తెలీదు. ఇంత చిన్నప్పుడు నేను చెప్పలేను" అంది.
చదువుకున్నోళ్లు తెలీదనడం
నేను వినడం అదే మొదలు.
అప్పణ్ణించే ఆవిడ మాట వింటున్నాను.

తర్వాత చెప్పిందండి.
సముద్రపుపీత కడుపు కింద గుడ్ల ముద్దుంటాది కదా,
నారింజరంగులో ఉన్నంతసేపూ బేరవే,
నల్లబడితే ఎవరూ కొనరు.
కత్తితో గీకేసి తట్టలో పడేస్తాం.
ఆ నలుపేంటో తెలుసాండి?
కళ్లంట.
గుడ్లలో పిల్లల కళ్లంట.
ముప్పయ్యేళ్లండి.

మానేసేనని చెప్పను.
వడ్డీకి తెచ్చిన వలలున్నాయి,
ఇల్లు కూర్చోనివ్వదు.
మొన్నొకటి దొరికింది, నల్లముద్దది.
కత్తి పెట్టేను, తీసేను.
మళ్లీ పెట్టేను.
రాఘవులు అటు తిరిగి బీడీ ముట్టించుకుంటుంటే
మొగ దాటేక, లోతులో
నీళ్లలోకి జార్చేసేను.
రెండొందలు పోయేయని రాత్రి నిద్ర పట్టలేదు,
అబద్ధం ఎందుకు.

నిన్న టీచరమ్మకి నేనే కబురంపేను.
అమావాస్యకి రమ్మని.
దీపం ఆర్పేసి తెడ్డుతో కదిపితే
మా ఉప్పుటేరు మెరుస్తాది,
వలకి నిప్పంటుకున్నట్టుంటాది.
మా తాత దెయ్యాలనేవోడు, మా నాన్న అదీ అనేవోడు కాదు.
అదేంటో ఆ గాజులో చూసి చెప్పమన్నాను.
తెలీకపోతే తెలీదనమన్నాను.
చెప్పులు మాత్రం
వేసుకు రావద్దన్నాను.